పదో నంబరు బిళ్ళ

ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ బావగారే. గోల్‌కీపరుకి బావగారే, గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయనకి బావగారే, తనకన్నా పదేళ్ళు పెద్దవాడైన క్లబ్బు ప్రెసిడెంటు కూడా "బావగారూ, నా గొడుగు ఎక్కడైనా కనబడిందా?" అని అడిగేవాడు. ఒక్కడికి బావ అయిన పాపానికి మనిషి ముప్పై మందికి బావై కూర్చున్నాడు. ఆ ఒక్కడే చిన్నోడు.

చిన్నోడంటే ఏ పసివాడో అనుకునేరు. ముప్పై తొమ్మిదేళ్ళు నిండిన మనిషి. పదిహేడేళ్ళప్పుడు క్లబ్బులో చేరితే జనం ముద్దుగా పెట్టిన పేరు, చెవుల దగ్గర జుట్టు తెల్లబడ్డా వదల్లేదు. పదో నంబరు జెర్సీ అతనిది. ఆ క్లబ్బు గాజు బీరువాలో రెండు పెద్ద కప్పులున్నాయంటే అది అతని ఎడమకాలి చలవ. ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో తల ఎత్తకుండానే తెలిసేది. నలభై గజాల అవతల ఉన్నవాడి పాదం ముందు బంతి వాలేట్టు కొట్టేవాడు. ఆ పని ఇప్పటికీ చేయగలడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. బంతి కాలి దగ్గరున్నంతసేపూ అతనంతటివాడు లేడు. బంతి లేనప్పుడు పరిగెత్తాలి కదా, ఆ పరుగు పోయింది.

బావ అతని అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళ కిందట బావమరిదిని చెయ్యి పట్టుకుని క్లబ్బుకి తీసుకొచ్చింది ఆయనే. అప్పుడాయన చెప్పుల దుకాణంలో పని పోయి ఖాళీగా ఉన్నాడు. "ఈ కుర్రాడి బూట్లు ఎవరు చూసుకుంటారు?" అని అప్పటి కోచ్ అడిగితే "నేనున్నానుగా" అన్నాడు. ఆ ముక్క అన్నవాడు అన్నట్టే మెట్ల కింద సామాన్ల గదిలో ఉండిపోయాడు. కిటికీ లేని గది. రెండు వాషింగ్ మెషీన్లు, వాటిలో ఒకటి తిరుగుతుంటే గోడకున్న క్యాలెండరు కూడా వణికేది. జెర్సీలు ఉతకడం, బూట్ల కింద మట్టి గోకడం, బంతుల్లో గాలి చూడటం, ఎవడి బనియన్ వాడి మేకుకి తగిలించడం, ఇదీ ఆయన ఉద్యోగం.

ఇద్దరికీ ఒక అలవాటుండేది. మ్యాచ్ అయ్యాక చిన్నోడు బెంచీ మీద కూలబడి కాళ్ళు చాపేవాడు. బావ మోకాళ్ళ మీద కూర్చుని, మట్టికి బిగుసుకుపోయిన లేసులు విప్పేవాడు. "ఎలా ఆడాను బావా?" అని చిన్నోడు అడిగేవాడు. "బ్రహ్మాండంరా," అనేవాడు బావ. ఇరవయ్యేళ్ళు ఆ మాట నిజం. తర్వాత రెండేళ్ళు నిజం కాదు. మాట మాత్రం మారలేదు.

ఈలోపు క్లబ్బు చితికిపోయింది. మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వేరే క్లబ్బులకి వెళ్ళిపోయారు. స్టాండు పైకప్పు రేకులు రెండు ఎగిరిపోతే మళ్ళీ వేసిన దిక్కు లేదు. పట్టికలో కిందనుంచి నాలుగు, కిందనుంచి మూడు, అలా జారుతూ వచ్చింది. అడుగున నిలిచిన రెండు జట్లు కింది లీగ్‌కి దిగిపోవాలి. మైదానంలో గడ్డి కత్తిరించే ఆయనా, గేటు ముసలాయనా టీ తాగుతూ రోజూ ఒకటే గొడవ పడేవారు.

"వాడున్నాడు కాబట్టి గేటు దగ్గర ఇంకా జనం నిలబడుతున్నారయ్యా. వాడు లేకపోతే ఎవడొస్తాడు, నిన్ను చూడ్డానికొస్తాడా?" అనేవాడు గేటు ముసలాయన.

"జనం వస్తారు సరే, ఆడేది పది మందే కదా! పదకొండోవాడు నిలబడి చూస్తున్నాడు, టిక్కెట్టు కొనకుండా," అనేవాడు గడ్డి ఆయన.

బావ కప్పులోకి చూస్తూ టీ ఊదుకునేవాడు. గడ్డి ఆయన మాటే నిజమని ఆయనకి తెలుసు. తెలిసి తెలిసి బావమరిది మొహం మీద ఎలా అంటాడు?

ఆ ఏడాది కొత్త కోచ్ వచ్చాడు. బక్కపల్చటి మనిషి, కళ్ళద్దాలు, చంకలో ఎప్పుడూ ఒక టాబ్లెట్ కంప్యూటరు. "కళ్ళు మోసం చేస్తాయి, లెక్కలు మోసం చెయ్యవు" అనేది ఆయన ఊతపదం. రెండో రోజుకే ఆటగాళ్ళు ఆయనకి లెక్కల మాస్టారని పేరు పెట్టేశారు. ఆయన ఎక్కణ్ణించో సెకండ్‌హ్యాండ్‌లో ఒక యంత్రం తెప్పించాడు. అగ్గిపెట్టెంత నల్ల బిళ్ళలు. ప్రాక్టీసప్పుడు జెర్సీ లోపల బిగుతు బనియన్ వేసుకుంటే, దాని వెనక భుజాల మధ్య చిన్న జేబులో ఈ బిళ్ళ ఉంటుంది. ఎవరు ఎంత దూరం పరిగెత్తారో అది కొలుస్తుంది. ఎక్కడెక్కడ పరిగెత్తారో కూడా చూపిస్తుందట గానీ, ఆ భాగం క్లబ్బు కొనలేదు. ప్రాక్టీసయ్యాక పేర్ల వరుస డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద తెరకెక్కేది. పైన పదహారో నంబరు ఆటగాడు, పదకొండు కిలోమీటర్లు. అడుగున చిన్నోడు, ఆరు. ఒకరోజు మాత్రం గోల్‌కీపరు కన్నా ఒక్క మెట్టు పైన ఉన్నాడు, అంతే తేడా.

బిళ్ళలు రాత్రంతా ఛార్జింగు పెట్టి, పొద్దున్నే తుడిచి, ఎవరిది వాళ్ళ బనియన్‌లో పెట్టే పని బావదే. ఒక్కో బిళ్ళ మీద గోరంత కాగితం మీద నంబరు అతికించి ఉండేది.

చలికాలంలో ఒక పొద్దున బావ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. ఆ రోజు చిన్నోడు కూడా అందరికన్నా ముందే వచ్చాడు. ట్రాక్‌సూట్ కాదు, ఇస్త్రీ చేసిన చొక్కా. నున్నగా గడ్డం గీసుకున్నాడు.

"మాస్టారు వచ్చాడా బావా?"

"ఇంకా లేదు. ప్రాక్టీసయ్యాక దొరుకుతాడులే. ఏంటి సంగతి, పెళ్ళిచూపులకొచ్చినట్టున్నావు?"

చిన్నోడు నవ్వలేదు. గది నాలుగు గోడలూ చూశాడు. "ఈ గది ఎప్పుడూ ఇంత చిన్నదేనా బావా?" అన్నాడు. బావ బిళ్ళలు సర్దుతూ ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ఆ రోజు ప్రాక్టీసయ్యాక తెర వెలిగింది. పైన చిన్నోడి పేరు. పదకొండు కిలోమీటర్లు. అడుగున పదహారో నంబరు ఆటగాడు, ఆరు.

లెక్కల మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి! పదకొండు కిలోమీటర్లు! చూడండి, చూసి సిగ్గు తెచ్చుకోండి!" అని చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. అందరికన్నా ముందు కొట్టినవాడు ఆ పదహారే.

బావ బనియన్లు పోగుచేస్తూ చిన్నోడి బిళ్ళ తీసి బల్బు కింద కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు. ఒకటీ, ఆరు. కళ్ళజోడు లేక ఆరుని సున్నా అనుకుని, సున్నాని ఆరనుకుని, రెండూ తారుమారు చేశాడన్నమాట. పప్పులో కాలేశాడు, అంతే. ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది. అందరూ పడీ పడీ నవ్వి, నాలుగు రోజులు ఏడిపించి వదిలేసేవారు.

చెప్పడానికే తలుపు దాకా వెళ్ళాడు. ఎదురుగా చిన్నోడు పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు. ఒళ్ళంతా చెమట వాసన, కళ్ళలో నీళ్ళు.

"నా కాళ్ళు పోలేదు బావా! పోయాయనుకున్నాను. నిజంగా పోయాయనే అనుకున్నాను. పిచ్చి వెధవని!"

అని సంచిలోంచి మడత కాగితం ఒకటి తీసి ముక్కలు ముక్కలుగా చించి చెత్తబుట్టలో వేశాడు.

"ఏంట్రా అది?"

"ఏం లేదులే. పాత చీటీ."

బావ వెనక్కి తిరిగి బనియన్లు ఏరడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం పాత టేపు ముక్కలతో, వాషింగ్ మెషీన్ పీచుతో పాటు ఆ కాగితం ముక్కల్ని కూడా తనే తీసుకెళ్ళి బయట పెద్ద డబ్బాలో పారబోశాడు.

మర్నాడు కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాడు కూడా. ఒకటీ ఆరూ ఉన్న బిళ్ళని చూసి, చదివి, తీసుకెళ్ళి పదో నంబరు బనియన్‌లో పెట్టాడు. ఒక్క వారం, వాడి మొహంలో ఈ కళ కాస్త నిలబడేదాకా, అని తనకి తాను చెప్పుకున్నాడు. మొదటి రోజుది పొరపాటే అనుకుందాం. రెండో రోజుదాన్ని పొరపాటంటే ఎవరైనా చెంప పగలగొడతారు.

వారం నెలైంది. నెల నాలుగు నెలలైంది.

ఇక పదహారు సంగతి చెప్పాలి. ఇరవై ఆరేళ్ళ మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. జట్టంతటిలో తడిసిన జెర్సీని మడతపెట్టి ఇచ్చేవాడు అతనొక్కడే. మిగతావాళ్ళు విసిరి పోయేవారు. "ఆరు కిలోమీటర్లా, ఏమైంది నీకు?" అని మాస్టారు మొదట గదిలోకి పిలిచి అడిగాడు. తర్వాత అందరి ముందూ అడిగాడు. తర్వాత డాక్టర్ దగ్గరికి పంపి ఛాతీకి వైర్లు పెట్టించాడు. తర్వాత జట్టులోంచి తీసి బెంచీ మీద కూర్చోబెట్టాడు. పదహారు ఎదురు చెప్పే రకం కాదు. తన ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుని ఇంకా గట్టిగా పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఎవరూ రాకముందే వచ్చి, బనియన్ అడిగి తీసుకుని, మైదానం చుట్టూ తిరిగేవాడు.

అతను ఎంత పరిగెత్తితే చిన్నోడి లెక్క అంత పెరిగేది. పదకొండు పదకొండున్నరైంది. పదకొండున్నర పన్నెండైంది. తెర మీద తన పేరు ఎప్పటిలా అడుగునే ఉండటం చూసి పదహారు మర్నాడు ఇంకో రెండు చుట్లు ఎక్కువ కొట్టేవాడు. ఆ రెండు చుట్లూ వెళ్ళి మళ్ళీ చిన్నోడి ఖాతాలోనే పడేవి. దేవుడా, ఇంతకన్నా అన్యాయం ఉంటుందా! కళ్ళారా చూస్తూ, ఆ బిళ్ళని రోజూ చేత్తో మార్చి పెడుతూ, బావ అన్నం ఎలా తిన్నాడో ఆయనకే తెలియాలి.

ఒకరోజు కుళాయి దగ్గర చిన్నోడు పదహారు భుజం మీద చెయ్యి వేశాడు. పక్కనే బావ బూట్లు గోకుతున్నాడు.

"తమ్ముడూ, ఏమీ అనుకోకు. నీ వయసులో ఒళ్ళు దాచుకోకూడదు. నన్ను చూడు. ఈ వయసులో నాకు సాధ్యమైంది నీకెందుకు కాదు?"

"నిజమే అన్నా," అని పదహారు తల దించుకున్నాడు.

బావ కూడా దించుకున్నాడు. చేతిలో బూటు శుభ్రమైపోయినా గోకుతూనే ఉన్నాడు. భూమి చీలి లోపలికి లాగేసుకుంటే బాగుణ్ణనిపించింది.

ఇంకోరోజు పదహారు సామాన్ల గది గుమ్మంలో నిలబడ్డాడు. "బావగారూ, నాకు లోపల ఏదో జబ్బు ఉందంటారా? డాక్టర్ ఏం లేదంటాడు. ఇంట్లో చెప్పలేదు. సీజన్ అవగానే నన్ను తీసేస్తారని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. మీరు ఇరవై ఏళ్ళుగా ఆటగాళ్ళని చూస్తున్నారు కదా, నా పరుగు చూస్తే మీకేమనిపిస్తుంది?"

అది దేవుడిచ్చిన అవకాశం. బావ తువ్వాళ్ళ దొంతర వైపు తిరిగాడు. "చలిలో తడి ఒంటితో నిలబడకు బాబూ," అని పొడి తువ్వాలు ఒకటి తీసి ఇచ్చాడు. పదహారు దానికి కూడా కృతజ్ఞత చెప్పి వెళ్ళాడు.

ఇంట్లో చూస్తే భార్య వేరే లోకంలో ఉంది. జెర్సీల మీద నంబర్లు కుట్టే పని ఆవిడే ఇంట్లో మిషను మీద చేసిపెట్టేది. "తమ్ముడు మళ్ళీ మనిషయ్యాడండీ. పోయినేడాది వాడి మొహం చూస్తే భయమేసేది, ఆట మానేస్తే ఏమైపోతాడో అని. ఇప్పుడు చూడండి, ఇంకో రెండేళ్ళు ఆడతానంటున్నాడు," అంది దారం తెంపుతూ. ఆ తర్వాత మొగుడి మొహం చూసి, "మధ్యలో మీకేమొచ్చింది? మీరే ముసలివారైపోతున్నారు," అంది.

చెప్పొద్దూ, ఇంకో రెండేళ్ళకి క్లబ్బు నిజంగానే ఒప్పుకుంది. పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి ఎవరు వద్దంటారు? మ్యాచుల్లో ఓడిపోతుంటే మాస్టారు తల గోక్కునేవాడు. ఆ బిళ్ళల యంత్రం ప్రాక్టీసు మైదానంలోనే పనిచేసేది, మ్యాచుల్లో లేదు. అక్కడ చిన్నోడు నిలబడిపోతుంటే, "ఎదుటివాళ్ళు అతని చుట్టూ ఇద్దర్ని పెడుతున్నారు, అందుకే," అనేవాడు. కళ్ళకి కనబడేదాన్ని కాదని లెక్కకి కారణం వెతికేవాడు.

ఆఖరి వారం వచ్చింది. ఆఖరి మ్యాచ్ ఓడకపోతే చాలు, క్లబ్బు పై లీగ్‌లోనే ఉంటుంది. ఓడితే దిగిపోతుంది. బావకి నాలుగు రోజులు కంటిమీద కునుకు లేదు. చివరికో ఉపాయం తట్టింది. నోటితో చెప్పక్కర్లేదు, బిళ్ళలు ఎవరివి వాళ్ళకి సరిగ్గా పెట్టేస్తే చాలు, నిజం అదే తెర మీదికొస్తుంది, మాస్టారు పదహారుని ఆటలోకి దింపుతాడు, తన పేరు బయటికి రాదు. పిరికివాడి ఉపాయాలు ఇలాగే నున్నగా ఉంటాయి.

పెట్టాడు. తెర మీద పదహారుకి పన్నెండు, చిన్నోడికి అయిదున్నర. వరుసగా మూడు రోజులు అదే. బావ మాస్టారు గది తలుపు తట్టాడు.

"రండి బావగారూ! చూశారా మీ బావమరిది తెలివి?" అన్నాడు మాస్టారు సంబరంగా. "పెద్ద మ్యాచ్ ముందు కాళ్ళు దాచుకుంటున్నాడు. అనుభవమంటే అదీ. ఆ పదహారేమో, ఉద్యోగం పోతుందనగానే పరుగొచ్చింది! నాలుగు నెలలు ఏమైందట? ఇలాంటివాళ్ళని నమ్మి క్లబ్బుని చేతిలో పెట్టలేను."

అబద్ధానికి నాలుగు నెలల వయసొచ్చింది. నిజం వయసు మూడు రోజులు. ఇక మిగిలింది నోరు ఒక్కటే. బావ నోరు తెరిచాడు కూడా.

"ఏంటి బావగారూ, చెప్పండి."

"అదే... ఆదివారానికి సాక్సులు తెల్లవి పెట్టమంటారా, నీలంవి పెట్టమంటారా?"

"నీలంవి పెట్టండి," అన్నాడు మాస్టారు.

ఆదివారం మధ్యాహ్నం స్టాండు నిండిపోయింది. ఎగిరిపోయిన రేకుల కింద కూడా జనం ఎండలో నిలబడ్డారు. అందరూ చిన్నోడి కోసమే వచ్చారు. మొదటి సగం ఎవరూ గోల్ చెయ్యలేదు. చిన్నోడు రెండు పాసులు ఇచ్చాడు, అబ్బ, చూసినవాళ్ళు ఇంటికెళ్ళి చెప్పుకునేలాంటివి. అవతల అందుకున్నవాళ్ళు వృథా చేశారు. బావ బెంచీ చివర కూర్చున్నాడు. పక్కనే పదహారు, నీలం సాక్సులు మోకాళ్ళ దాకా లాక్కుని, పిలుపు కోసం చూస్తున్నాడు. మూడుసార్లు లేచి ఒళ్ళు వేడెక్కించుకున్నాడు. మూడుసార్లూ మళ్ళీ కూర్చోమన్నారు.

ఇంకో పన్నెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా అవతలి జట్టు కుర్రాడొకడు బంతితో చిన్నోడి పక్కనుంచి దూసుకుపోయాడు. చిన్నోడు వెంటపడ్డాడు. నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు పడలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగిపోయి, తన చేతిలోంచి జారిపోయినవాడు వెళ్ళి గోల్ కొట్టడం అలా వంగే చూశాడు.

స్టాండులో ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి రెండు చేతులూ జోడించి, "ఇంక చాలు నాయనా! చాలు!" అని అరిచాడు. ఏడుస్తూ అరిచాడు.

అప్పుడు దింపారు పదహారుని, చిన్నోడి చోట్లో. ఉన్న కాసేపట్లోనే ఆ మనిషి మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి పిచ్చెత్తినట్టు పరిగెత్తాడు. ఒక బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికొచ్చింది. అంతలో విజిల్ ఊదేశారు. క్లబ్బు దిగిపోయింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. బావ బుట్ట పట్టుకుని నేల మీద సాక్సులు ఏరుతున్నాడు. చిన్నోడు లేచి నిలబడ్డాడు.

"అందరూ ఒక్క మాట వినండి. ఈ ఓటమి నాది. ప్రాక్టీసులో పన్నెండు పరిగెత్తేవాణ్ణి, ఇక్కడ నాలుగడుగులు వెయ్యలేకపోయాను. ఎందుకో నాకే అర్థం కావట్లేదు. జన్మలో ఎప్పుడూ ఒళ్ళు దాచుకోలేదు అనుకునేవాణ్ణి. దాచుకునే ఉంటాను. లేకపోతే ఆ పరుగంతా ఏమైంది? నన్ను క్షమించండి."

పదహారు గబుక్కున లేచి అతని చేతులు పట్టుకున్నాడు. "నువ్వు క్షమాపణ చెప్పడమేంటన్నా! తప్పు నాది. చలికాలం నుంచీ నేను సరిగ్గా పరిగెత్తి ఉంటే నీకు కాస్త విశ్రాంతి దొరికేది. భారమంతా నీ మీద పడేశాను."

నువ్వు కాదు నేనంటే, నువ్వు కాదు నేనని ఇద్దరూ. అసలు దొంగ వాళ్ళిద్దరి మధ్యా మురికి సాక్సుల బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. బావ బుట్ట కింద పెట్టాడు.

"బిళ్ళలు మార్చాను," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. గోల్‌కీపరు, "ఏ బిళ్ళలు బావగారూ?" అన్నాడు.

"పదహారు బిళ్ళ తీసి చిన్నోడి బనియన్‌లో పెట్టాను. చిన్నోడిది పదహారుకి పెట్టాను. మొదటి రోజు కళ్ళజోడు లేక. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకునే. చలికాలం నుంచీ రోజూ పెట్టాను. ఆఖరి మూడు రోజులు తప్ప. నేనే. ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను."

లెక్కల మాస్టారు చంకలోని టాబ్లెట్‌ని తీసి ఒకసారి చూసి, బెంచీ మీద బోర్లా పెట్టాడు. చిన్నోడు కూర్చుండిపోయాడు. బావ కళ్ళు మూసుకున్నాడు. ఎవరో ఒకరు వచ్చి చొక్కా పట్టుకుంటారనుకున్నాడు, పట్టుకోవాలనే కోరుకున్నాడు. దగ్గరికొచ్చింది పదహారు.

"బావగారూ, అంటే... ఆ పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తింది నేనా?"

"నువ్వే బాబూ."

"రోజూ?"

"రోజూ నువ్వే."

"నాకు జబ్బేం లేదా?"

"ఏమీ లేదు నాయనా. నీ అంత పరుగు ఈ క్లబ్బులో ఎవరికీ లేదు."

పదహారు మొహంలో కోపం కోసం బావ వెతికాడు. లేదు. ఆ మొహం పసిపిల్లాడి మొహంలా విచ్చుకుంది. "మా ఆవిడకి చెప్పాలి," అని తనలో తను అనుకుంటున్నట్టు అని, ఫోను కోసం సంచంతా వెతుక్కుని, బూట్లు టకటకలాడించుకుంటూ వరండాలోకి పరిగెత్తాడు. తిట్టినా, కొట్టినా, ఉమ్మేసినా బావ నిలబడగలిగేవాడు. ఆ సంతోషం చూసి మాత్రం తల కొట్టేసినట్టయింది.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే సంచులు భుజాన వేసుకుని ఆయన్ని తప్పుకుంటూ వెళ్ళిపోయారు. ఎప్పుడూ విసిరేసి పోయే జెర్సీలు ఇవాళ ఎవరివి వాళ్ళు బెంచీ మీద పెట్టి వెళ్ళారు. మాస్టారు కూడా వెళ్ళిపోయాడు. బావ, బావమరిది మిగిలారు.

ఏం చెయ్యాలో తెలియక బావ ఎప్పటిలా మోకాళ్ళ మీద కూర్చుని లేసు మీద చెయ్యి వేశాడు. చిన్నోడు కాలు వెనక్కి తీసుకున్నాడు. తనే వంగి ఆ మట్టి ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు. విప్పడం అలవాటు లేదు, చాలాసేపు పట్టింది.

"ఆ మొదటి రోజు నేను చించేసిన కాగితం గుర్తుందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఆఁ. పాత చీటీ అన్నావు."

"ఆట మానేస్తున్నానని రాసిన కాగితం. రెండు వారాలు కూర్చుని రాశాను బావా. నా చోటు పదహారుకి ఇవ్వమని కూడా రాశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చింది అది ఇవ్వడానికే."

బావకి చెత్తబుట్ట గుర్తొచ్చింది. టేపు ముక్కలు, పీచు, వాటి మధ్య తెల్లగా ఆ ముక్కలు. తన చేత్తోనే పారబోశాడు.

"నువ్వు బాధపడతావనిరా..." అన్నాడు.

"బాధపడటం అప్పటికే అయిపోయింది బావా. అప్పుడైతే జనం నిలబడి చప్పట్లు కొడుతుండగా వెళ్ళేవాణ్ణి. ఇవాళ ఆ పెద్దాయన దణ్ణం పెట్టి పొమ్మన్నాడు."

రెండో బూటు కూడా విప్పి, రెండింటినీ జతగా గోడకి చేర్చి పెట్టాడు. అప్పుడు తల ఎత్తాడు.

"ఎలా ఆడాను బావా?"

ఇరవై రెండేళ్ళ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. బావ దాన్ని మింగాడు.

"బాగా ఆడలేదురా," అన్నాడు. "రెండేళ్ళ నుంచీ బాగా ఆడట్లేదు."

చిన్నోడు మెల్లగా తల ఊపాడు. తలుపు అవతల వరండాలోంచి పదహారు గొంతు వినబడుతోంది. ఫోను సరిగ్గా వినబడక గట్టిగా అరుస్తున్నాడు.

"ఓడిపోయాం, అవును, దిగిపోయాం, అది కాదే నేను చెప్పేది! ఆరు కాదు, పన్నెండు! నేనే... అవును, రోజూ నేనేనట. నాకేం జబ్బు లేదు. పిల్లల్ని పిలువు, వాళ్ళకీ చెప్తాను."

బావ బుట్ట అందుకున్నాడు గానీ లేవలేకపోయాడు. సామాన్ల గదికి వెళ్ళాలంటే ఆ వరండాలోంచే, అతని ముందునుంచే వెళ్ళాలి.